శ్రద్ధను దెలుపు ఇంగ్లీషు మాటలు – వాని లాటిను మూలములు



చేసిన పని చక్కగా నున్నదని మెచ్చుకొనుటకు ప్రతి భాషలోను కొన్ని మాటలుండును. ఇంగ్లీషున ఇట్టి మాటలు మిక్కిలి పెక్కు. ఆక్యురేట్, ప్రిసైజ్, ఎగ్జాక్ట్, పంక్చువల్, మెటిక్యులస్, స్క్రూప్యులస్, అసిడ్యువస్, సెడ్యులస్, డిలిజెంట్ అనునవి వానిలో ముఖ్యములు. బడిపిల్లలు వీని కెదురుగా 'జాగ్రత్తగల', 'శ్రద్ధగల' అని అర్థము వ్రాసికొని కంఠస్థము చేయుదురు. పరీక్ష కంతమాత్రము చాలును. కాని ఈ మాటల పుట్టుకను విచారించినచో ఒకదానిలో చింత, ఒకదానిలో కత్తి, ఒకదానిలో త్రాసు, ఒకదానిలో భయము, ఒకదానిలో గులకరాయి, ఒకదానిలో ప్రేమ కానవచ్చును.

ఇంగ్లీషుతో నిత్యవ్యవహారము లేని పెద్దలకు ఈ విచారముతో నేమి ప్రయోజనమని మీరడుగవచ్చును. ప్రయోజనము కలదు. ఇంటిలో మనుమడు అంకెలు దిద్దుచున్నప్పుడు, పొలములో కుఱ్ఱవాడు నారు నాటుచున్నప్పుడు, 'జాగ్రత్తగా చేయరా' అని మన మందఱము చెప్పుచునే యుందుము. ఆ జాగ్రత్త వానికి ఎక్కడనుండి రావలెను? భయమునుండి రావలెనా, మఱి దేనినుండియైన రావలెనా? దస్తావేజులో ఒక సర్వే నంబరు తప్పుపడినందువలన రెండు తరములవారు కోర్టుల చుట్టు తిరిగిన కుటుంబములను మీరు చూచియే యుందురు. కావున ఈ ప్రశ్న పండితుల కాలక్షేపము మాత్రము కాదు.

ముందుగా ఈ మాటలు ఇంగ్లీషులోనికి వచ్చిన త్రోవ చెప్పెదను. లాటిను రోమకుల భాష. రోమక సామ్రాజ్యము పోయిన పిమ్మటను అది యూరపుఖండమున మతమునకును, విద్యకును, న్యాయమునకును భాషగా నిలిచినది. ఫ్రెంచి ఆ లాటినునకు కూతురు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయింపగా ఫ్రెంచిమాటలు వేలకొలదిగ ఇంగ్లీషున ప్రవేశించినవి. అటుపిమ్మట 16, 17 శతాబ్దములలో ఆ దేశపు విద్వాంసులు లాటిను గ్రంథములనుండి తిన్నగా మఱికొన్ని వేల మాటలను తెచ్చుకొనిరి. మన వ్యాకరణపు మాటలలో జెప్పవలెనన్న, మొదటివి తద్భవముల వంటివి, రెండవవి తత్సమముల వంటివి. సంస్కృతమందలి 'యాత్ర' మనకు యాత్రగాను వచ్చినది, జాతరగాను వచ్చినది. అర్థములు మాత్రము కొంచెము వేఱయినవి. అట్లే లాటినున 'సెకూరుస్' అను నొక్క మాటయే ఫ్రెంచివారి నోటబడి అరిగి ఇంగ్లీషున 'ష్యూర్' అయినది. గ్రంథములనుండి నేరుగా వచ్చి 'సెక్యూర్' అయినది.

ఆ 'సెకూరుస్' అను మాటతోడనే మన కథ మొదలగును. 'సె' అనగా లేక, 'కూరా' అనగా చింత. చింత లేనిది సెక్యూర్. ఈ కూరా మన విస్తరిలోని కూర కాదు. మనసు ఒక విషయమును పట్టుకొని విడువకుండుట, దాని బాగోగులు తనవిగా నెంచుకొనుట, దానికి రోమకులు పెట్టిన పేరు కూరా. వైద్యుడు రోగిని చూచుకొనుట కూరా గనుక 'క్యూర్' అను మాట పుట్టినది. పరుని పక్షమున పని చూచిపెట్టుట 'ప్రొక్యూర్'; నేడు ధాన్యము కొనుగోలు సందర్భమున మీరు వినుచుండు ప్రొక్యూర్‌మెంటు అను మాట దానినుండి వచ్చినదే. ఈ కూరాకు 'దానివైపునకు' అను నర్థమిచ్చు ఉపసర్గము చేర్చి, పనికి చింతను జోడించుట యను క్రియను రోమకులు చేసికొనిరి. అట్లు చింతపెట్టి చేయబడినది 'అక్కూరాతుస్'. అదియే ఇంగ్లీషున 17వ శతాబ్దారంభమున ఆక్యురేట్ అయినది. నేడు ఆక్యురేట్ అనగా తప్పు లేనిదని యర్థము. మొదట తప్పు లేకుండుట కాదు, మనసు పెట్టి చేయబడుట అర్థము. మనసు పెట్టుట కారణము, తప్పు లేకుండుట ఫలము. కాలక్రమమున కారణమును జెప్పుమాట ఫలమును జెప్పు మాటగా మాఱినది.

ఇక పనిముట్లనుండి పుట్టిన మూడు మాటలు. ప్రిసైజ్ అనుదానిలో కత్తి యున్నది. లాటినున 'కైదెరె' అనగా నఱకుట. 'ప్రై' అనగా ముందు. ముందుభాగమును కోసివేసి, అక్కఱలేనిది తీసివేసి, నికరముగా మిగిల్చినది ప్రిసైజ్. వైద్యులు శస్త్రముతో గోయుటను ఇన్‌సిషన్ అందురు. అదియు ఈ ధాతువు సంతానమే. నిశ్చయించుట యను నర్థముగల 'డిసైడ్' సయితము అట్టిదే. తగవు తీర్చు పెద్దమనిషి చేయు పనియు కోతయే గదా.

ఎగ్జాక్ట్ అనుదానిలో త్రాసు ఉన్నది. 'ఎక్సిగెరె' అను లాటిను క్రియకు వెలికి తోలుట, పట్టుబట్టి రాబట్టుట, తూచి చూచుట అని పెక్కు అర్థములు. తూచి సరిచూచినది ఎగ్జాక్ట్. ఈ క్రియనుండియే 'ఎక్సామెన్' అను మఱియొక మాట పుట్టినది. అనగా త్రాసు నడుమ నిలిచి, ఏ తట్ట బరువో తెలుపు ముల్లు. ఎగ్జామినేషన్ అను మాటకు మూలమిదియే. పిల్లలను గడగడలాడించు పరీక్ష అసలు త్రాసుముల్లు మాత్రమే! ముల్లునకు కోపము లేదు, పక్షపాతము లేదు. ఉన్న బరువును చూపును, అంతే. ఈ సంగతి పిల్లలకు చెప్పినచో పరీక్షయన్న బెదరు కొంత తగ్గునని నా నమ్మకము.

పంక్చువల్ అనుదానిలో సూది యున్నది. 'పుంగెరె' అనగా పొడుచుట. పొడువగా ఏర్పడిన చుక్క 'పుంక్తుం'. ఆ చుక్కను దాటక నిలుచువాడు పంక్చువల్. చెప్పిన గడియకు వచ్చువాడు. వ్రాతలో చుక్కలు పెట్టుట పంక్చువేషన్. సైకిలు చక్రమునకు ముల్లు గ్రుచ్చుకొనిన పంక్చరు అని మీ యూర ననుదురే, అదియు ఈ కుటుంబములోనిదే.

కత్తి, త్రాసు, సూది ఈ మూడును పని యెట్లుండవలెనో చెప్పినవి గాని, పని చేయువాని మనస్సును గూర్చి యేమియు చెప్పలేదు. మనస్సును జెప్పు మాటలలో మొదటిది మెటిక్యులస్. అతి సూక్ష్మమైన వివరమునుగూడ విడువక చూచువానిని నేడు ఇట్లు ప్రశంసింతురు. ఈ మాటకు మూలమైన 'మెతుస్' అనగా భయము. దానినుండి వచ్చిన 'మెతికులోసుస్' అనగా పిఱికివాడు. క్రీస్తుపూర్వము సుమారు 200 ఏండ్లనాటి ప్లౌతుస్ అను రోమక నాటకకర్త ఈ యర్థముననే దానిని వాడెను. 16వ శతాబ్దమున ఇంగ్లీషులోనికి వచ్చినప్పుడును అర్థమదియే. పిదప మఱుగుపడి, 19వ శతాబ్దమున ఫ్రెంచి వాడుక ననుసరించి మఱల బయటికి వచ్చినప్పుడు, చిన్న చిన్న విషయములకు అతిగా వెఱచువాడను అర్థముతో వచ్చినది. అది ఇంకను నిందయే. క్రమముగా నింద సడలి మెప్పయినది. ఇంగ్లీషు వాడుకను గూర్చి 1926లో పెద్ద గ్రంథము ప్రకటించిన ఫౌలర్ అను విద్వాంసుడు ఈ మార్పును గర్హించెను. లోకము వినలేదు. పిఱికివాడను తిట్టు నేడు యోగ్యతాపత్రములలో నెక్కినది.

రెండవది స్క్రూప్యులస్. 'స్క్రూపులుస్' అనగా వాడియైన చిన్న గులకరాయి. నడచువాని కాలిక్రింద అట్టి రాయి పడినచో వానికి నెమ్మది యుండదు. మనస్సులో అట్లు గ్రుచ్చుకొను సందేహమును రోమకులు ఆ పేరనే పిలిచిరి. మహావక్తయైన కికెరో, ఇంగ్లీషువారు సిసిరో యనువాడు, ఈ యర్థమున ప్రయోగించినాడు. అధర్మమగునేమో, లెక్క తప్పునేమో యని లోపల గ్రుచ్చుచుండు రాయి గలవాడు స్క్రూప్యులస్. ఈ మాటయే ఒక చిన్న తూనికకును పేరైనది. ఇంగ్లీషు మందులు కూర్చువారి పాత లెక్కలో స్క్రూపులు అనగా 20 గ్రెయినులు. 24 స్క్రూపులులు ఒక ఔన్సు. మన కంసాలి గురివిందగింజతో బంగారము తూచినట్లు, వారు ఈ తూనికతో మందులు తూచెడివారు. తూనికలో అంత చిన్నదియు లెక్కకు రావలెనన్నచో, తూచువాని మనస్సులోను అంత చిన్న రాయి గ్రుచ్చుకొనుచుండవలెను.

మూడవది అసిడ్యువస్. 'సెదెరె' అనగా కూర్చుండుట. ప్రక్కన కూర్చుండి లేవనివాడు అసిడ్యువస్. పూర్వము 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు క్రింద సెషన్సు కోర్టులలో న్యాయాధిపతికి తోడుగా అసెసర్లు కూర్చుండెడివారు. సెషన్సు, అసెసరు అను రెండు మాటలును ఈ కూర్చుండుటనుండియే వచ్చినవి. ఇచ్చట మనకొక బంధుత్వము కలదు. సంస్కృతమున 'సద్' అను ధాతువునకును కూర్చుండుట అర్థము. చుట్టు కూర్చుండునది పరిషత్తు. సంస్కృతము, గ్రీకు, లాటిను ఒకే మూలమునుండి పుట్టియుండునని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు ప్రకటించెను; పిమ్మటి భాషాశాస్త్రము ఆ యూహను స్థిరపఱచినది. మన తెలుగు ఆ కుటుంబములోనిది కాదని, తమిళ కన్నడములతో చేరినదని 1816లో ఎల్లిస్ దొర నిరూపించెను. అయినను తత్సమముల మూలమున లాటినుతో మనకును దూరపు చుట్టఱికము దొరకినది.

నాలుగవది సెడ్యులస్. దీనికి 'సె దోలో', అనగా కపటము లేక, అని పండితులు సాధారణముగా జెప్పు వ్యుత్పత్తి. యజమాని చూచినను చూడకున్నను పనిలో మోసము చేయనివాడు సెడ్యులస్. గోడ లోపలివరుస ఇటుకలను పైవరుసవలెనే పేర్చు తాపీపనివాడు ఇట్టివాడు.

కడపటిది డిలిజెంట్. 'లెగెరె' అనగా ఏఱుట. 'దిస్' అనగా వేఱుగా. రాశిలోనుండి ఒకదానిని వేఱుగా ఏఱి పెట్టుకొనుట 'దిలిగెరె'. రైతు కళ్ళములో మేలైన కంకులను ఏఱి విత్తనమునకని వేఱుగా దాచుకొనును గదా. ఆ చూపుతో దీనిని గ్రహింపుడు. అట్లు ఏఱుకొనినదానిపై మక్కువ పుట్టును. కావున రోమకుల భాషలో ఈ క్రియకు విలువగా నెంచుట, ప్రేమించుట అని అర్థము స్థిరపడినది. డిలిజెంట్ అనగా ప్రేమించువాడు! దీనికి వ్యతిరేకము 'నెగ్లిగెరె', అనగా ఏఱకుండుట. క్రింద పడిన గింజను చూచియు వంగి తీయకుండుట. నెగ్లిజెన్సు అని కోర్టులలో నేరముగా నెన్నబడునది ఇదియే.

లాటినులో ఒక చక్కని నియమము కలదు. అక్కూరాతుస్ అను విశేషణమును పనికే వాడుదురు గాని పనివానికి వాడరు. పనివానికి వాడునది దిలిగెన్స్. పనిని జూచి 'ఇది చింతపెట్టి చేయబడినది' అందురు. చేసినవానిని జూచి 'వీడు ప్రేమించువాడు' అందురు. పనియందు కనబడు నిర్దుష్టత్వమునకు పనివానియందు కనబడని ప్రీతి మూలమని ఆ ప్రాచీనులు ఈ రెండు మాటలను వేఱువేఱుగా నిలిపి చెప్పినట్లున్నది.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలెను. వ్యుత్పత్తి రుచి మరిగినవారు కథలు కల్పింతురు. సిన్సియర్ అను మాటకు 'మైనము లేనిది' అని అర్థము చెప్పి, రోమక శిల్పులు పాలరాతి పగుళ్ళను మైనముతో పూడ్చి మోసగించెడివారని, మోసము లేని విగ్రహమును ఆ మాటతో పిలిచిరని ఒక కథ చెప్పుదురు. కథ యింపుగా నున్నది, ఆధారము లేదు. 'సింకేరుస్' అనగా కల్తీ లేని, శుద్ధమైన అని మాత్రమే. అట్లే చింతను దెలుపు ఇంగ్లీషు 'కేర్' అను మాట లాటిను కూరానుండి రాలేదు. అది ఇంగ్లీషువారి స్వంత దేశ్యపదము. దుఃఖమని దాని పూర్వార్థము. రూపమును అర్థమును కలిసినంతమాత్రమున బంధుత్వము కలుగదు.

మఱియొక హెచ్చరిక మన ఆలంకారికులే చేసియున్నారు. 'కుశలుడు' అను మాటకు దర్భలను కోసి తెచ్చువాడని వ్యుత్పత్తి. దర్భ యంచు వాడియైనది. చేయి తెగకుండ కోయుటకు నేర్పు కావలెను. కావున నేర్పరి కుశలుడాయెను. 11వ శతాబ్దపు కాశ్మీరపండితుడు మమ్మటుడు దీనిని రూఢిలక్షణకు ఉదాహరణముగా నిచ్చెను. 14వ శతాబ్దమున ఉత్కళదేశపు విశ్వనాథుడు ఒప్పుకొనలేదు. మాట పుట్టిన కారణము వేఱు, మాట వాడబడు కారణము వేఱు అని యతని వాదము. 'గోవు' అను శబ్దము నడచుట యను ధాతువునుండి పుట్టినది. అంతమాత్రమున పండుకొనిన గోవు గోవు కాకపోవునా? కావున మెటిక్యులస్ అని పిలువబడిన నేటి గుమాస్తా పిఱికివాడని నేను చెప్పుట లేదు. మాట నేడు చెప్పు అర్థము వేఱు. అది నడచివచ్చిన త్రోవ వేఱు. ఆ త్రోవలో మనుష్యుల అనుభవము కొంత దాగియున్నదని మాత్రమే నా మనవి.

ఆ యనుభవ మేమి? శ్రద్ధ పలుచోట్లనుండి పుట్టగలదు. భయమునుండి పుట్టవచ్చును. బడిలో నెన్నో యేండ్లు గడపిన నేను దీనిని కాదనజాలను. బెత్తము చూపినచో అక్షరము గుండ్రముగానే వచ్చును. ఇన్‌స్పెక్టరు వచ్చు దినమున బడి యంతయు అద్దమువలె నుండును. అయితే బెత్తము ప్రక్క గదిలోనికి పోయిన మఱుక్షణమున గుండ్రని యక్షరము వంకర పోవును. భయమునుండి పుట్టిన శ్రద్ధకు భయపెట్టువాడు ఎల్లప్పుడు ఎదుట నుండవలెను. అది కాపలా యున్నంతసేపే కాయు కాయ.

గులకరాయినుండి పుట్టిన శ్రద్ధ అంతకు మేలైనది. ఆ రాయి పైవాని చేతిలో కాక మన లోపలనే యున్నది గనుక. మందు కూర్చువానికి, తూనిక తూచువానికి, సాక్ష్యము చెప్పువానికి అది తప్పక యుండవలెను. నాకేమగునో యను భయము వేఱు, నా వలన పరులకేమగునో యను జంకు వేఱు. మొదటిది మెతుస్, రెండవది స్క్రూపులుస్. పిల్లలకు మొదటిదానిని తగ్గించి రెండవదానిని అలవఱచుట పెద్దల పని. 'తప్పు వ్రాసితివేని కొట్టెదను' అనుటకు మాఱుగా, 'ఈ అంకె తప్పినచో పాలుపోసిన ఆ ముసలమ్మకు రెండు రూపాయలు తక్కువగును' అని చెప్పి చూడుడు. ఆ అంకెను వాడు మఱియొకసారి చూచును.

అన్నిటికంటె నిలుకడ గలది ప్రేమనుండి పుట్టినది. ప్రేమయన్నది ఊరక పుట్టదు, ఏఱుకొనుటనుండి పుట్టునని డిలిజెంట్ అను మాట చెప్పుచున్నది. ఇది నాది, దీనిని నేను వేఱుగా నెంచుకొంటిని అను భావము కలిగిననే ప్రీతి. కావున కుఱ్ఱవానికి పని యంతయు మనమే నిర్ణయించి అప్పగించుటకంటె, చిన్నదైనను ఒక మడిని, ఒక చెట్టును, ఒక పద్దుపుస్తకమును వాని యిష్టము ననుసరించి ఏఱుకొనిచ్చి, ఇది నీదని విడిచిపెట్టుట మేలు. నీరు పెట్టుమని ఆ చెట్టును గూర్చి వానికి రెండవమాఱు చెప్పనక్కఱ లేదు.

మన శ్రద్ధాశబ్దమును గూర్చి యొక్కమాట చెప్పి ముగించెదను. 'శ్రత్' అను దానిని ఉంచుట శ్రద్ధ. ఆ 'శ్రత్' అనగా హృదయమని పెక్కుమంది భాషావేత్తల అభిప్రాయము. లాటినున నమ్ముట యను నర్థముగల 'క్రేదో' అను క్రియ మన శ్రద్ధకు తోబుట్టువని వారు నిశ్చయించిరి. దానినుండి వచ్చినదే క్రెడిట్. 1904 నాటి శాసనముతో మొదలైన సహకార క్రెడిట్ సొసైటీల పేరు మీ యూళ్ళలో తెలియనివారుండరు. అప్పిచ్చువాని నమ్మకమును, పనివాని శ్రద్ధయు మూలమున ఒక్క మాటయే. హృదయమును ఉంచినచోట నమ్మకము పుట్టును. మన కుఱ్ఱవాడు చేసిన పనిని తూచి చూడనక్కఱలేకయే ఊరివారు పుచ్చుకొను దినము వచ్చినచో, వానికి శ్రద్ధ యలవడినదని మనము సంతోషింపవచ్చును.